బయల్దేరక ముందే చేరవలెను

సెయింట్ లూపో సెయిలింగ్ క్లబ్బు వారికి న్యాయం మీద మోజు పుట్టిన ఏడాది నేను వాళ్ళ రేసు ఆఫీసులో గుమస్తాగా ఉన్నాను.

సెయింట్ లూపో కరిబియన్ సముద్రంలో ఒక చిన్న దీవి. మ్యాపు మీద ఈగ వాలితే దేశం మొత్తం కనపడదు. మాది నరసాపురం, నా పేరు గంధం నరహరి. ఆ దీవికి డాక్టరీ చదవడానికి వెళ్ళాను. మూడో సెమిస్టరులో ఉండగా మా కాలేజీకి గుర్తింపు లేదని తేలింది. ప్రిన్సిపాలుగారికి ఆ సంగతి ముందే తెలుసు కాబట్టి ఆయన ముందే వెళ్ళిపోయాడు. మాకు మిగిలినవి తెల్లకోట్లు, ఒక అస్థిపంజరం. అస్థిపంజరాన్ని ఊళ్ళో మంగలి షాపువాడు అలంకారానికి అడిగి తీసుకుపోయాడు. నేను క్లబ్బులో గుమస్తాగా చేరాను. క్లబ్బు వాళ్ళ ఉత్తరం ఉన్నంతకాలమే నాకు దీవిలో ఉండే పర్మిట్టు. నేను డాక్టర్ని కాలేదని అక్కడ అందరికీ తెలుసు. అయినా అందరూ ‘డాక్టరూ’ అనే పిలిచేవారు.

ఒక్క మాట ముందే చెప్పాలి. ఆ దీవి జనం మాట్లాడేది పుస్తకాల ఇంగ్లీషు కాదు. దీర్ఘాలు తీస్తారు, అక్షరాలు మింగేస్తారు, వెటకారంలో కూడా కాస్త ఆప్యాయత కలుపుతారు. మా గోదావరి యాసకి అది వరసకి చెల్లెలవుతుంది. అందుకని వాళ్ళ మాటల్ని మా యాసలోనే రాస్తున్నాను. క్లబ్బు కమిటీ వారి ఇంగ్లీషుని మాత్రం మా కలెక్టరాఫీసు తెలుగులోకి తప్ప మరి దేనిలోకీ మార్చడం కుదరలేదు.

ప్రతి ఏడూ ఈస్టరు వెళ్ళాక ఆ దీవిలో తెరచాప పడవల పందెం జరుగుతుంది. నానా దేశాల నుంచి డబ్బున్నవాళ్ళు తమ పడవలతో దిగుతారు. వారం రోజులు ఊరంతా వేయించిన చేపల వాసన, రమ్ము వాసన. గెలిచినవాళ్ళకి ఒక వెండి కప్పు ఇస్తారు. ఆ కప్పు ఎవరికీ అక్కర్లేదు. దానితోపాటు వచ్చేదే ముఖ్యం. గెలిచిన పడవకి ఏడాదిపాటు పట్టణం జెట్టీలో లోతైన చోటు దక్కుతుంది. పాతకాలపు గవర్నరెవరో పెట్టిన ఆనవాయితీ అది. దీవిలో లోతైన చోటు అదొక్కటే.

ఆరేళ్ళుగా ఆ చోటు టాంటీ ఎర్నాది. టాంటీ అంటే అక్కడ పిన్నిలాంటి పిలుపు. అరవై దాటిన మనిషి, ఆరడుగుల ఎత్తు, నోట్లో ఒక బంగారు పన్ను, నెత్తిన మొగుడు వదిలిపోయిన టోపీ. మొగుడు ఎక్కడికి పోయాడంటే, ‘టోపీ లేకుండా పోయాడు’ అనేది. చుక్కల బిళ్ళలతో డామినోలు ఆడేటప్పుడు మోసం చేసేది, పట్టుకుంటే అరిచేది. పక్కనున్న పెద్ద దీవి నుంచి తన చెక్క పడవలో ఉల్లిపాయలు, సిమెంటు, మేకలు, గ్యాసు బండలు తెచ్చేది. ఆ పడవ పేరు పేషన్స్. సహనం అని అర్థం. ఆవిడకి లేనిదల్లా అదే.

జెట్టీలో చోటు లేకపోతే సరుకు పడవ ఇసుక ఒడ్డుకి దూరంగా ఆగాలి. నడుం లోతు నీళ్ళలో బస్తాలు నెత్తిన పెట్టుకుని మొయ్యాలి. అల పెద్దదైతే ఆ వారం దీవిలో ఉల్లిపాయ ఉండదు. అంచేత పందెం రోజున ఊరు మొత్తం టాంటీ పక్షమే. పాస్టరుగారు కూడా దేవుడికి ఆ విషయం గుర్తుచేసేవారు.

ఆ చోటు మీద లోవెన్ అనే పెద్దమనిషి కన్నుపడింది. ఆయన ఉత్తరాన ఏదో చలి దేశంలో స్నానాలగదుల కుళాయిలు తయారుచేసే కోటీశ్వరుడు. ట్రయంఫ్ అనే నల్లటి పందెం పడవ ఆయనది. దానితోపాటు మూడంతస్తుల మరబోటు కూడా ఉంది, అందులో ఆయన కుక్కలుంటాయి. కుక్కలకి అల పడదట. జెట్టీ చోటు కావలసింది వాటికి.

వరసగా ఆరోసారి ఓడాక లోవెన్ క్లబ్బుకి ఫిర్యాదు చేశాడు. ‘ఇలాగైతే వచ్చే ఏడు మేమెవరమూ రాము’ అన్నాడు. వెంటనే కమిటీ సమావేశమైంది. క్లబ్బు అధ్యక్షుణ్ణి కమొడోర్ అంటారు. మా కమొడోర్ పెంబర్టన్ గారు ఇంగ్లండులో ఇన్సూరెన్సు కంపెనీ నడిపి రిటైరైన మనిషి. లేచి గొంతు సవరించుకున్నాడు.

“గౌరవ సభ్యులారా! గత ఆరు సంవత్సరములుగా ఒకే నౌక విజయము పొందుచున్నట్లు గమనించబడినది. విజయము పునరావృతమగుట క్రీడాస్ఫూర్తికి విఘాతము. ఓడినవారి మనోభావములను సానుభూతితో పరిశీలించవలసియున్నది.”

కోశాధికారి మిసెస్ ఫించ్ నెమ్మదైన మనిషి. “ఆమె అందరికంటే వేగంగా నడుపుతున్నది గదా?” అంది.

“అదియే ఫిర్యాదు” అన్నాడు కమొడోర్.

ఆ విధంగా న్యాయ నిపుణుణ్ణి పిలిపించాలని తీర్మానమైంది. మరుసటి ఏడు పందేనికి నెల ముందు ఆయన దిగాడు. ఎయిర్‌పోర్టులో పేరు రాసిన అట్ట పట్టుకుని నిలబడ్డవాణ్ణి నేనే. అట్ట మీద ‘డాక్టర్ ఉప్పులూరి ఫణిభూషణ్’ అని రాస్తుంటేనే మనవాడని తెలిసిపోయింది. బెజవాడాయన. టొరంటోలో ఉంటాడు. పూర్వం ఏదో ప్రవేశ పరీక్షకి మార్కుల నార్మలైజేషను చేశాడట. తొంభై ఎనిమిది వచ్చినవాడు ఏడుస్తూ, నలభై వచ్చినవాడు ఆశ్చర్యపోతూ కాలేజీలకి పోయిన ఏడాది అదేనని తర్వాత తెలిసింది.

కార్లో కూచోగానే అడిగాడు. “ఏ ఊరు అబ్బాయ్ మనది?”

“నరసాపురం సార్.”

“మంచిది. చూడూ, పందెం అంటే ఏంటి? అందరూ సమానంగా గెలవడానికి ఉన్న అవకాశం. ఆ అవకాశాన్ని చెడగొడుతున్నది ఏంటి?”

“ఏంటి సార్?”

“నైపుణ్యం.”

అప్పటిదాకా పడవల రేటింగు పడవ పొడుగుని బట్టి, తెరచాప వైశాల్యాన్ని బట్టి ఉండేది. పెద్ద పడవకి కాస్త సమయం కలిపేవారు, చిన్నదానికి తీసేసేవారు. ఫణిభూషణ్‌గారు దాన్ని పక్కన పడేసి, పడవకి కాదు, మనిషికి రేటింగు కట్టాలన్నాడు. మర్నాటి నుంచి క్లబ్బు వరండాలో కెప్టెన్ల ఇంటర్వ్యూలు మొదలయ్యాయి. పక్కన కూచుని రాసుకోవడం నా పని.

టాంటీ ఎర్నా టోపీ తియ్యకుండానే కూచుంది.

“మీ నాన్నగారి వృత్తి?”

“పడవండి.”

“తాతగారు?”

“పడవేనండి. ఆయన నాన్నని ఈ దీవికి పడవలోనే తెచ్చేరండి, గొలుసులేసి. అది కూడా రాసుకోండి.”

“అద్భుతం” అన్నాడు ఫణిభూషణ్‌గారు. నా వైపు తిరిగి, “నాలుగు తరాల సముద్రయాన వారసత్వం. అరగంట కలుపు” అన్నాడు.

నేను ఆవిడ మొహం చూడలేక కాగితం వైపు చూస్తూ కలిపాను.

“పొద్దున్నే గాలి ఎటు తిరుగుతుందో మీకు ముందే తెలుస్తుందంటారు. ఎలా?”

“ముక్కుంది గదండీ.”

ఆయన లేచి వెళ్ళి ఆవిడ ముక్కుని రెండు పక్కల నుంచీ పరిశీలించి వచ్చాడు. ‘నాసికా ప్రయోజనం’ అని నా చేత రాయించి ఇరవై నిమిషాలు కలిపించాడు.

“ఆడవాళ్ళకి మినహాయింపేమీ లేదా సార్?” అని తెలుగులో గొణిగాను.

“ఎందుకు లేదు? పది నిమిషాలు తగ్గించాను. కానీ మనవలు తొమ్మండుగురున్నారు. మనుషుల మీద అజమాయిషీ చేసే అలవాటు కింద పదిహేను కలిపాను. న్యాయానికి రెండు కళ్ళూ ఉండాలి అబ్బాయ్.”

అరవై దాటినా దృష్టి బాగుందని కొంత, దీవిలో ఎక్కడ ఇసుక మేట ఉందో తెలుసని కొంత, ఆరేళ్ళు గెలిచిన గతం కింద చాలా, కలుపుకుంటూ పోయాడు. టాంటీ లేచి వెళ్తూ నా భుజం మీద చెయ్యేసి, “పాపం ఈయనకి ఇంటికాడ మాటాడేవోళ్ళు ఎవరూ లేరేమో డాక్టరూ. సాయంత్రం డామినోలకి తీసుకురా” అంది. తీసుకెళ్ళాను. ఆయన పదమూడు ఆటలు వరసగా ఓడి, దానికి కూడా రేటింగు ఉండాలన్నాడు.

రేటింగు నైపుణ్యాన్ని బట్టి అన్న సంగతి రేవులో పొక్కగానే మనుషుల స్వభావం మారిపోయింది. అంతకుముందు సాయంత్రాలు బారులో కూచుని ‘నేను తుపానులో ఆఫ్రికా కొస చుట్టొచ్చాను’ అని కోసేవాళ్ళు, ఇప్పుడు ‘నేను స్నానాల తొట్టిలో కూడా ఒరిగిపోతాను’ అని కోయడం మొదలెట్టారు. ప్రపంచం చుట్టూ ఒంటరిగా తిరిగి వచ్చిన ఒక ఫ్రెంచివాడు, ఆ యాత్ర మొత్తం పొరపాటున జరిగిందని, తను బయల్దేరింది పక్క ఊరికని ప్రమాణ పత్రం దాఖలు చేశాడు. ఊళ్ళో తెడ్డు పట్టడం నేర్పే మాస్టారికి శిష్యులు పోయి, వచ్చింది మరిచిపోయే క్లాసు పెట్టుకోవలసి వచ్చింది. దానికి సీట్లు చాల్లేదు.

అసమర్థతకి వైద్య ధ్రువీకరణ ఉంటే అదనపు మినహాయింపు అని కమిటీ ప్రకటించింది. దీవిలో ఉన్న ఒకే ఒక్క అసలు డాక్టరు చేపల వేటకి పోయి ఉన్నాడు. జనం నా దగ్గరికి వచ్చారు.

“నేను డాక్టర్ని కాదండీ” అన్నాను కమొడోర్ గారితో.

ఆయన ఆలోచించాడు. “అసమర్థతను ధ్రువీకరించుటకు సమర్థుడు అవసరమని నియమావళిలో ఎచ్చటనూ పేర్కొనబడలేదు. మీరు కానివ్వండి.”

ఆ వారంలో నా తెల్లకోటుకి తొలిసారి పని దొరికింది. ఒకాయనకి కుడి ఎడమ తేడా తెలియదని రాశాను. ఒకాయన గాలిని చూస్తే గాభరా పడతాడని రాశాను. లోవెన్ మహాశయుడు తన సొంత జట్టుని, ఎనిమిది మంది పేరుమోసిన పందెగాళ్ళని, విమానమెక్కించి ఇంటికి పంపేసి, కుళాయిల కంపెనీలో అకౌంట్స్ సెక్షన్‌ని దింపించాడు. పన్నెండుగురు. ఒక్కొక్కరికీ సముద్రం కొత్త. పైపెచ్చు పడవ బరువు పెరగడానికి ట్రయంఫ్ మధ్యలో ఒక పెద్ద పియానో బిగించాడు. ఆ పడవ కింద భాగాన్ని శుభ్రం చెయ్యొద్దని కాపలా పెట్టాడు. నాచు, నత్తలు పట్టి అది గడ్డం పెంచింది.

పందేనికి వారం ముందు వేగ పరీక్ష పెట్టారు. అందులో చూపిన వేగాన్ని బట్టి రేటింగులు ఖరారు. పొద్దున్నే తుపాకీ పేలింది. ఇరవై మూడు పడవల్లో ఇరవై రెండు కదల్లేదు. తెరచాపలు ఎత్తినవాళ్ళు నీళ్ళ కింద లంగరు వదిలారు. ఒకాయన అందరికంటే వెనక ఉండాలన్న పట్టుదలతో పడవని వెనక్కి నడిపి రేవుగోడకి కొట్టాడు. అందరూ ఆయన్ని మెచ్చుకున్నారు. ట్రయంఫ్ మీద అకౌంట్స్ వాళ్ళు తాడు దేనికి కట్టాలో తెలీక ఒకరికొకరు కట్టుకున్నారు. పొద్దు గూకేదాకా పరీక్ష ముగియలేదు. కమిటీ పడవలో ఐసు అయిపోయింది.

టాంటీ ఒక్కతే మామూలుగా కమిటీ పడవ దగ్గరి గీత దాటి, దూరాన రామచిలక రాయి చుట్టి, దీపస్తంభం చుట్టి, మధ్యాహ్నం భోజనానికి వచ్చేసింది.

ఒడ్డున పట్టుకుని అడిగాను. “కాస్త నెమ్మదిగా నడపకూడదా టాంటీ? అందరూ అదే చేస్తున్నారు కదా.”

“నాకు రాదయ్యా. నేర్చుకుంటే నాకొత్తాదేమో, నా పడవకి రాదు.”

పందేనికి ముందు రోజు తుది రేటింగులు వెలువడ్డాయి. అచ్చు వేసింది నేనే. లెక్క మళ్ళీ మళ్ళీ చూసుకుని ఫణిభూషణ్‌గారి గదికి పరుగెత్తాను.

“సార్, ఇక్కడేదో పొరపాటు. పందెం పదింటికి మొదలు. పందెం చుట్టు మూడు గంటల దారి. మంచివాళ్ళెవరైనా ఒంటిగంటకి చేరతారు. టాంటీకి మీరు నాలుగు గంటలు కలిపారు. అంటే ఆవిడ గెలవాలంటే తొమ్మిదికల్లా చేరాలి.”

“అయితే?”

“బయల్దేరక ముందే చేరాలి సార్!”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “గణితపరంగా అందులో తప్పేం లేదు అబ్బాయ్. రుణ సంఖ్యలు కూడా సంఖ్యలే. వాటిని చిన్నచూపు చూడకు.”

కమొడోర్ దగ్గరికి పోయాను. ఆయన అసలు చదవకుండానే సంతకం పెట్టి ఉన్నాడు. “న్యాయము ఆచరణసాధ్యమా కాదా అన్నది న్యాయస్థానముల పరిధి. మనది క్లబ్బు” అన్నాడు. ఆపైన చాలా మర్యాదగా, నా పర్మిట్టు ఉత్తరం వచ్చే నెల రెన్యువలుకి రావలసి ఉందని గుర్తుచేశాడు.

ఆ సాయంత్రం టాంటీకి చెప్పక తప్పలేదు. రేవు పక్క రేకుల షెడ్డులో డామినోలు ఆడుతోంది. నేను చెప్పడం అయ్యాక షెడ్డులో అందరూ కమిటీని, కమిటీ తల్లుల్ని తిట్టారు. టాంటీ తిట్టలేదు. నాకు భయం వేసింది. ఆవిడ నోరు మూసుకోవడం నేను అంతకుముందు చూడలేదు.

చేతిలో బిళ్ళలు బల్ల మీద బోర్లించి, “ఇంకోపాలి సెప్పు. ఎన్నింటికి చేరాలన్నావు?” అంది.

“తొమ్మిదికి ముందు.”

“అంతేగదా. ముందు బయల్దేరితే ఏం చేత్తారు?”

మామూలు పందేల్లో గీత ముందే దాటినవాణ్ణి వెనక్కి పిలుస్తారు, రాకపోతే తీసేస్తారు. కానీ ఫణిభూషణ్‌గారు ఆ నియమాన్ని మార్చేశాడు. ‘తొలగింపు’ అన్న మాట మనసుని గాయపరుస్తుందట. ముందే బయల్దేరడం నేరం కాదు, ఉత్సాహం. దానికి పది నిమిషాల ఉత్సాహ సుంకం కడితే చాలు. ఎంత ముందు అన్నది ఆయన రాయలేదు. ఆ సంస్కరణకి కమిటీ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది కూడా.

అదే చెప్పాను. టాంటీ బంగారు పన్ను కనపడేలా నవ్వింది.

“రేపు నువ్వు ఆ జెండాల పడవ మీదికి ఎన్నింటికి ఎక్కుతావు?”

“ఏడింటికి. ఐసుపెట్టెలు పెట్టాలి కదా.”

“ఏదన్నా పడవ గీత దాటి లోనికొత్తే నీ పనేంటి?”

“కొమ్ము ఊది, టైము రాయాలి.”

“సరే. కొమ్ము తుడిచి ఉంచు.” ఆగి, కొంచెం గొంతు తగ్గించి, “నీ కాయితం సంగతి నాకు తెలుసు డాక్టరూ. ఊదలేనంటే ఇప్పుడే సెప్పెయ్. నేనేం అనుకోను. ఒడ్డున బస్తాలు మొయ్యడం నాకు కొత్త కాదు” అంది.

నేను లేచి ఇంటికి పోయాను.

తెల్లారుతుండగా లేచి రేవుకి వెళ్ళేసరికి పేషన్స్ చోటులో లేదు. ఏడింటికి కమిటీ పడవ ఎక్కి జెండాలు కట్టాను, ఐసు సర్దాను. గాలి బాగుంది. ఎనిమిది దాటాక దీపస్తంభం మలుపు దగ్గర మాసికలేసిన తెరచాప కనపడింది. పర్మిట్టు, నరసాపురంలో బస్టాండు దగ్గర మా నాన్న మందుల షాపు, అక్కడ నన్ను అడగబోయే ప్రశ్నలు, అన్నీ వరసగా కళ్ళముందు నిలబడ్డాయి. పేషన్స్ ఒక పక్కకి ఒరిగి, నురగ చిమ్ముకుంటూ, నేరుగా నా మీదికి వస్తోంది. ముందు భాగంలో రెండు మేకలు కట్టేసి ఉన్నాయి. ఎలాగూ వెళ్తున్నాను కదా అని చుట్టు మధ్యలో ఎవరో బేరగాడి పడవ దగ్గర ఎక్కించుకుందట. టాంటీ చుక్కాని పట్టుకుని నిలబడి ఉంది. నా వైపు చూడలేదు. గీత దాటింది.

నేను కొమ్ము ఊదాను. పెద్దగా ఊదాను. ఊపిరి అయిపోయాక మళ్ళీ ఊదాను, అది నియమం కాకపోయినా.

సమయం ఎనిమిదిన్నర.

పదింటికి మిగతావాళ్ళ పందెం మొదలైంది. రేటింగులు ఖరారయ్యాయి కాబట్టి ఇప్పుడు అందరికీ వేగం కావాలి. కానీ వేగం ఎవరి దగ్గరా మిగల్లేదు. పడవల నిండా రాళ్ళ బస్తాలు, అడుగున నత్తలు, తాళ్ళ దగ్గర ఏరికోరి తెచ్చుకున్న చేతకానివాళ్ళు. కెప్టెన్లు కొందరు ఆ మరిచిపోయే క్లాసులో నిజంగానే మరిచిపోయారు. ఫ్రెంచివాడు ఈసారి నిజంగానే పొరపాటున పక్క దీవికి పోయాడు. మొదటి పడవ చేరేసరికి మూడు దాటింది. ట్రయంఫ్ మీద లోవెన్ ‘కుడికి! కుడికి!’ అని అరిస్తే, కుడి ఎడమ తేడా తెలియదని నేను ధ్రువీకరించిన అకౌంట్స్ మనిషి ఎడమకి తిప్పాడు. క్లబ్బు వరండాలో టీ తాగుతున్నవాళ్ళ ఎదురుగా ఆ నల్లటి పడవ ఇసుక మేటెక్కి కూచుంది. కుదుపుకి పియానో దానంతటదే ఒకసారి మోగింది.

సాయంత్రం కమిటీ విచారణ. లోవెన్ పంట్లాం పిండుకుంటూ వచ్చి కూచున్నాడు. టాంటీ టోపీ పెట్టుకునే కూచుంది. కిటికీల బయట ఊరు ఊరంతా నిలబడి ఉంది.

కమొడోర్ మొదలుపెట్టాడు. “పందెము ప్రారంభమగుటకు పూర్వమే ముగించిన నౌకకు సంబంధించి ఈ కమిటీకి పూర్వ నిదర్శనములు లేవు. అసలామె గీత దాటి బయల్దేరెననుటకు సాక్షి ఎవరు?”

“మీరేనండి” అంది టాంటీ. “పొద్దున్నే లుంగీలాంటిదేదో కట్టుకుని వరండాలో గుంజీళ్ళు తీత్తన్నారు. నేను చెయ్యూపితే మీరూ ఊపేరు.”

బయట జనం గొల్లుమన్నారు. కమొడోర్ మొహం ఎర్రబడింది. తిరిగి నా మీద పడ్డాడు.

“కొమ్ము ఊదుటకు మీకు అనుమతి ఇచ్చినదెవరు?”

“నియమం ఏడో నంబరండీ. గీత దాటిన ప్రతి పడవకీ ఊదాలని” అన్నాను. “ఏడో నంబరు మీరే రాశారు.”

లోవెన్ బల్ల గుద్దాడు. “ఇది వెర్రితనం! బయల్దేరక ముందే ఎవరైనా చేరతారా? రద్దు చెయ్యండి!”

కమిటీ తలలూపింది. అయిపోయిందనుకున్నాను. అప్పుడు గది మూల నుంచి కుర్చీ జరిగిన చప్పుడు. ఫణిభూషణ్‌గారు లేచి నిలబడ్డాడు.

“వెర్రితనమా? ఏది వెర్రితనం? నా సూత్రమా?” అన్నాడు. “ఆమె తొమ్మిదిలోగా చేరాలని నా సూత్రం చెప్పింది. ఆమె చేరింది. ఆమె చేరడం చెల్లదంటే నా సూత్రం జరగని పని అడిగిందని అర్థం. ముప్ఫై ఏళ్ళుగా లక్షలమందికి మార్కులు సరిచేశాను. నా లెక్క ప్రకారం నడుచుకున్న మనిషిని నేను చూడ్డం ఇదే మొదటిసారి! ఎనిమిదిన్నరకి నాలుగు గంటలు, దానికి ఉత్సాహ సుంకం పది నిమిషాలు. పన్నెండూ నలభై. మిగతావాళ్ళకి మినహాయింపులన్నీ తీసేసినా ఒంటిగంటకి ముందు ఎవరూ లేరు. ఆమె గెలిచింది. కాదంటే నేను ఈ సంగతి అంతర్జాతీయ న్యాయ రేటింగుల సమాఖ్యలో తేల్చుకుంటాను.”

అలాంటి సమాఖ్య ఉందో లేదో ఎవరికీ తెలీదు. అదే పనిచేసింది. తమకి తెలియని సంస్థ అంటే కమిటీకి భయం. కమొడోర్ లోవెన్ వైపు చూశాడు, కిటికీ బయట జనాన్ని చూశాడు. విజేత పేషన్స్ అని, జెట్టీ చోటు ఆ పడవదే అని ప్రకటించాడు. బయట డప్పులు మొదలయ్యాయి. టాంటీ ఫణిభూషణ్‌గారి దగ్గరికి పోయి ఆయన రెండు బుగ్గలూ పట్టుకుని, నొసట ముద్దు పెట్టింది. ఆయన దాన్ని ఏ ఖాతాలో వెయ్యాలో తెలీక నిలబడిపోయాడు.

కమిటీ వారు అంతటితో ఊరుకోలేదు. మర్నాడు మళ్ళీ కూచున్నారు. ఆ తీర్మానాన్ని ఉద్యోగంలో నా ఆఖరి పనిగా నేనే టైపు కొట్టాను.

“రేటింగులు శాస్త్రీయముగా రూపొందించబడినప్పటికీ, పందెము నిర్వహించుట వలన వాటి ఫలితములు ప్రభావితమగుచున్నవి. కావున ఇకపై పందెము నిర్వహించబడదు. రేటింగుల ప్రకారము పోటీదారులందరూ ఒకే క్షణమున చేరినట్లు పరిగణించి, అందరినీ సంయుక్త విజేతలుగా ప్రకటించవలెను. సంయుక్త విజేతలలో ఎవరికిని ప్రత్యేక హక్కు లేనందున, జెట్టీ స్థలము ప్రస్తుతము ఉన్నవారి వద్దనే ఉండవలెను. పందెము లేనందున రేసు గుమస్తా పదవి రద్దు చేయడమైనది.”

ఆ విధంగా జెట్టీ చోటు శాశ్వతంగా టాంటీది అయిపోయింది. అది తాము చేసిన పనేనని కమిటీకి ఇప్పటికీ తెలుసునని నేను అనుకోను. లోవెన్ తన పడవని ఇసుకలోంచి లాగించుకుని, కుక్కలతో సహా వెళ్ళిపోయాడు. ఫణిభూషణ్‌గారు వెళ్తూ ఎయిర్‌పోర్టులో నా చెయ్యి గట్టిగా పట్టుకుని, ‘ఆవిడ నిజంగా చేరింది కదూ అబ్బాయ్!’ అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు కూడా.

నేను ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా జెట్టీకి నడిచాను. టాంటీ ఉల్లిపాయల బస్తాల మీద కూచుని ఉంది.

“ఉద్యోగం పోయిందంటగా.”

“పోయింది.”

“వంటొచ్చా?”

“పప్పు, అన్నం. చేపల పులుసు వచ్చు.”

“సాలు. కాయితాల్లో ఓడ డాక్టరని రాయిత్తాను. ఉల్లిపాయల పడవకి డాక్టరు ఎందుకని ఏ ఆఫీసరూ అడగడు. వోళ్ళకి అడగడం సిగ్గు.”

ఆ మాట నిజమే అయింది. పర్మిట్టు వారంలో వచ్చింది.

పందెం రద్దయ్యాక వచ్చిన ఆదివారం, చర్చి అయ్యాక, రేవులో సరుకు పడవల వాళ్ళు ఒక్కొక్కరే తెరచాపలు ఎత్తడం మొదలెట్టారు. ఎవరూ ఎవర్నీ పిలవలేదు. రాళ్ళ బస్తాలు సముద్రంలో పారేసుకున్న ఇద్దరు ముగ్గురు దొరలు కూడా సిగ్గు సిగ్గుగా వచ్చి పక్కన చేరారు. పాస్టరుగారు జెట్టీ మీద నిలబడి జేబురుమాలు కింద పడేశాడు. అంతే, బయల్దేరాం.

మూడేళ్ళు తెరచాప పడవల లెక్కలు రాసినవాణ్ణి. తెరచాప పడవ కదులుతుండగా దాని మీద ఉండటం నాకు అదే మొదటిసారి. రేవు దాటగానే గాలి పట్టుకుంది. పేషన్స్ ఒక పక్కకి ఒరిగిపోయింది. ఆకాశం ఉండవలసిన చోట నీళ్ళున్నాయి. పక్కనే ఇంకో సరుకు పడవ మమ్మల్ని దాటబోతోంది. టాంటీ దాని కెప్టెన్‌ని, అతని మేనమామల్ని పేరుపేరునా తిడుతూ, నవ్వుతూ, చుక్కానితో కుస్తీ పడుతోంది. ఆవిడ అంత సంతోషంగా ఉండటం నేను విచారణ రోజున కూడా చూడలేదు. ఎవరు గెలుస్తారో ఎవరికీ తెలీదు. నాకు మాత్రం ఉదయం తిన్నదంతా పైకి వస్తున్నట్టు తెలిసింది. అంచు పట్టుకుని వంగాను.

“డాక్టరూ!” అని వెనక నుంచి కేక పెట్టింది టాంటీ. “గాలికెదురుగా కక్కకు! నీ మీదే పడుద్ది!”

నేను రెండో వైపు అంచుకి తిరిగాను.